అప్‌డేట్: తాతయ్య బ్లాక్ అండ్ వైట్ టీవీలో బొమ్మ వచ్చింది!

షట్టర్ టీవీ (తెర ముందు జరిపి మూసే తలుపు ఉండే పాత టీవీ) ఆన్ చేస్తే తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లగీతే వస్తోంది, పిక్చర్ ట్యూబ్ పోయిందా అని అడిగాను కదా. పోలేదండీ. గీత వెలుగుతోందంటే ట్యూబ్, హై వోల్టేజ్ రెండూ పనిచేస్తున్నట్టే. ఆ గీతను పైకీ కిందకీ సాగదీసే వర్టికల్ సెక్షన్‌లోనే తేడా. మీరు జవాబుల్లో అన్నట్టే డ్రై సోల్డర్ల (పగిలి పట్టు వదిలేసిన టంకం అతుకుల) కోసం వెతికాను. యోక్‌కి (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్‌కి) వెళ్లే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కాలు చుట్టూ వెంట్రుకంత పగులు! టంకం వేసి, పనిలో పనిగా కెపాసిటరూ మార్చేశా. (షాక్ కొట్టకుండా ముందు ట్యూబ్ ఆనోడ్ డిశ్చార్జ్ చేశాను, అంటే ట్యూబ్‌లో నిలిచి ఉండే హై వోల్టేజ్‌ని తీసేశాను. అయినా అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.)

పాత యాంటెన్నాకి ఇప్పుడు సిగ్నల్ ఎక్కడిది? సెట్‌టాప్ బాక్సుకి ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (బాక్సు బొమ్మను పాత టీవీ యాంటెన్నా సాకెట్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) తగిలించా. మనుషులు కాస్త పొట్టిగా కనిపిస్తున్నారు, హైట్ ప్రీసెట్ (బొమ్మ ఎత్తు సరిచేసే చిన్న స్క్రూ) తిప్పాలి. షట్టర్ ఇంకా ఇరుక్కుంటోంది, కొవ్వొత్తి రుద్ది చూస్తా.