స్కోరు 2 మాత్రమే, కానీ అనుమానంగా ఉంది. డాక్టర్‌ని పిలవడం తప్పా?

రాత్రిడ్యూటీ: కడుపు ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంట్. పల్స్ 96, పై బీపీ 108, శ్వాస 20, జ్వరం లేదు. న్యూస్2 చార్టులో (పల్స్, బీపీ, శ్వాస లాంటివాటికి మార్కులు వేసేది; ఎక్కువైతే ప్రమాదం) మొత్తం 2. కానీ ముఖం పాలిపోయింది, చెమటలు, దుప్పటి పీకుతున్నారు, నిన్నటి మనిషిలా లేరు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే "5 వచ్చాక పిలవండి" అని విసుక్కున్నారు. నేను చేసింది తప్పా?

డ్యూటీడాక్టర్: తప్పనను. కానీ 1–4 మధ్య ఉంటే 4–6 గంటలకోసారి చూడమనేగా చార్టు చెప్పేది? ప్రతి అనుమానానికీ పరిగెడితే నిజంగా 7 వచ్చిన పేషెంట్ దగ్గర ఎవరుంటారు?

ఐసీయూసిస్టర్: ఆ 20 ఎవరు లెక్కపెట్టారు? నిమిషం నిండా చూశారా? చాలా చార్టుల్లో అందరికీ 20 అనే ఉంటుంది. అసలు 25 ఉంటే దానికే 3, మొత్తం 5.

రాత్రిడ్యూటీ: నిమిషం నిండా లెక్కపెట్టాను మేడమ్. ప్రశ్న అది కాదు.

ఐసీయూసిస్టర్: నాకు అదే ప్రశ్న. చాలాసార్లు ముందు మారేది శ్వాస లెక్కే.

మందులషాపు: బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడే మనిషైతే పల్స్ అంతగా పెరగదు. అది చూశారా?

పాతస్టాఫ్: స్కోరు తక్కువున్నా అనుమానముంటే పిలవమని ఆ చార్టు తెచ్చిన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్సే (అక్కడి డాక్టర్ల సంస్థ) చెప్పింది. మా దగ్గర ఇలాగే పిలిస్తే వినలేదు. తెల్లారేసరికి పేషెంట్ ఐసీయూలో. విచారణలో "గట్టిగా ఎందుకు చెప్పలేదు" అని నన్నే నిలదీశారు!

డ్యూటీడాక్టర్: ప్రతిదానికీ డాక్టరే దోషి! "ఎలాగో ఉన్నారు సార్" అని ఫోన్ పెట్టేసి, "డాక్టర్‌కి తెలిపాం" అని రాసుకుంటారు. అంతటితో బాధ్యత నాది. నా కోపం పిలిచినందుకు కాదు, దానికి.

పాతస్టాఫ్: మరి మేం చూసింది రాస్తే "నర్సు ఊహ" అని కొట్టేసేది ఎవరు? అంకె ఉంటేనే మా మాట మాట!

డ్యూటీడాక్టర్: అంకె అక్కర్లేదు. ఏం మారింది, ఎప్పటినుంచి, నన్నేం చేయమంటున్నారు, ఇవి చెప్పండి. యూరిన్ ఎంత వస్తోందో చెప్పండి, న్యూస్2లో అది లేనే లేదు. పిలిచిన టైమూ, నా జవాబూ రాయండి, ఒప్పుకుంటాను.

రాత్రిడ్యూటీ: యూరిన్ నాలుగు గంటల్లో 60 మి.లీ. మాత్రమే సార్. ఆ మాట చెప్పేలోపే మా డాక్టర్ ఫోన్ పెట్టేశారు.