న్యూయార్క్ 5 రాత్రులు, నలుగురం: ఎడిసన్‌లో చుట్టాలింట్లో దిగాలా, క్వీన్స్‌లో గది తీసుకోవాలా?

బెజవాడ_బండి: న్యూయార్క్ చూడటం ఇదే మొదటిసారి. మేమిద్దరం, 12 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల బాబు. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, పక్క రాష్ట్రం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటారు, తమ ఇంట్లోనే దిగమంటున్నారు. న్యూయార్క్ క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో నలుగురికీ సరిపోయే గది రాత్రికి 180 డాలర్లు చూపిస్తోంది, పన్నులు కాక. బుధవారం దిగుతాం, సోమవారం బయల్దేరతాం. ఏది చవక?

ఓక్‌ట్రీ_రోడ్డు: ఎడిసనే, ఇందులో ఆలోచించేదేముంది? న్యూయార్క్‌లో గది అద్దె మీద 14.75 శాతం పన్ను, ఆపైన రాత్రికి మూడున్నర డాలర్లు వేస్తారు. మీ 180 గది 5 రాత్రులకు 1,050 అవుతుంది. సదుపాయాల రుసుమంటూ ఇంకొంత లాగే హోటళ్లూ ఉన్నాయి. బావగారింట్లో ఆ ఖర్చే లేదు. పొద్దున్న తిని రైలెక్కితే గంటలోపు న్యూయార్క్ నడిబొడ్డున, మాన్‌హాటన్‌లోని పెన్ స్టేషన్‌లో దిగుతారు.

ఏడో_నంబరు_రైలు: గంటలోపు అన్నది రైలెక్కాక సంగతి. ఇంటి నుంచి స్టేషన్‌కి ఎవరో దింపాలి, రైలు కోసం ఆగాలి, పెన్ స్టేషన్‌లో దిగి మళ్లీ సబ్‌వే పట్టుకోవాలి. గడప నుంచి గడపకి గంటన్నర. రానూపోనూ రోజుకి 3 గంటలు. రైలు ఉచితమూ కాదు. ఎడిసన్ నుంచి పెద్దవాళ్లకి రానూపోనూ పాతిక డాలర్లు దాటుతుంది. 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకే సగం టికెట్, అమ్మాయికి 12 కాబట్టి పూర్తి టికెట్టే. అంటే రోజుకి మూడున్నర టికెట్లు, 90 డాలర్లకి తగ్గదు.

లాంగ్ ఐలాండ్ సిటీలో కోర్ట్ స్క్వేర్ దగ్గర ఉంటే 7వ నంబరు సబ్‌వే రైల్లో మూడో స్టాపే మాన్‌హాటన్. మధ్యాహ్నం పిల్లలు అలిసిపోతే గదికొచ్చి గంట పడుకుని సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చు. ఎడిసన్‌లో ఉంటే ఆ వీలుండదు, పొద్దున్న తొమ్మిదికి వెళ్లినవాళ్లు రాత్రి తొమ్మిదిదాకా రోడ్డు మీదే.

ఓక్‌ట్రీ_రోడ్డు: మీ లెక్కే తీసుకుందాం. రోజుకి 90 చొప్పున 5 రోజులకి 450. గది 1,050. అయినా 600 మిగులుతోంది కదా! పైగా శని, ఆదివారాల్లో పెద్దవాళ్లు ఒకరు టికెట్ కొంటే 11 ఏళ్ల దాకా ఉన్న పిల్లలు ఇద్దరికి రైలు ఉచితం. శుక్రవారం సాయంత్రం 7 నుంచి సోమవారం పొద్దున్న 6 దాకా. ఇది మీరు చెప్పలేదు.

గోదారి_గట్టు: ఎయిర్‌బీఎన్‌బీలో మొత్తం ఫ్లాట్ తీసుకుంటే చవక కదా? వంట కూడా చేసుకోవచ్చు.

మాన్‌హాటన్_నడక: న్యూయార్క్ నగరంలో కుదరదు. 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెకి ఇచ్చేవాళ్లు నగరం దగ్గర నమోదు చేసుకోవాలి, అతిథులతోపాటు అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి దింపకూడదు. నలుగురికి విడిగా ఫ్లాట్ ఇస్తామన్న ప్రకటన కనబడితే డబ్బు కట్టకండి.

సామర్లకోట_జంక్షన్: సబ్‌వేకి 34 డాలర్ల వారం మెట్రోకార్డు కొనుక్కోండి, ఎన్నిసార్లయినా తిరగొచ్చు.

ఏడో_నంబరు_రైలు: ఆ కార్డు ఇప్పుడు లేదండీ. మెట్రోకార్డు అమ్మకం 2025 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడు గేటు దగ్గర బ్యాంకు కార్డు గానీ ఫోను గానీ ఆనించడమే. ఒక్కసారికి 3 డాలర్లు. 7 రోజుల్లో ఒక కార్డు మీద 35 డాలర్లు దాటితే ఆ పైవి ఉచితం.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. ఒకే కార్డుతో నలుగురినీ లోపలికి పంపొచ్చు గానీ, ఆ 35 లెక్కలోకి మొదటి మనిషి ఛార్జీ ఒక్కటే వెళుతుంది. మిగతా ముగ్గురిదీ ఎంత తిరిగినా పడుతూనే ఉంటుంది. అందుకని మనిషికో కార్డు. ఒకే ఖాతాదైనా సరే, కార్డు ఒకసారి, ఫోను ఒకసారి ఆనిస్తే రెండూ వేర్వేరు లెక్కలు. 44 అంగుళాల లోపు పిల్లలకి టికెట్ లేదు, కానీ 8 ఏళ్ల బాబు మామూలుగా ఆ ఎత్తు దాటేసి ఉంటాడు.

సామర్లకోట_జంక్షన్: మన ఇండియా కార్డు అక్కడ పనిచేస్తుందా?

ఏడో_నంబరు_రైలు: పనిచేస్తుంది. అయితే రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల విదేశీ వాడకం, ఆనించి చెల్లించే సౌకర్యం రెండూ బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. బయల్దేరకముందే చేసుకోండి. అక్కడ దిగాక ఓటీపీ రాలేదని గేటు ముందు నిలబడొద్దు.

ఇంకొకటి. చిన్న స్టేషన్లలో అప్‌టౌన్ (ఉత్తరం వైపు), డౌన్‌టౌన్ (దక్షిణం వైపు) రైళ్ల గేట్లు రోడ్డుకి చెరో పక్కన ఉంటాయి. తప్పు గేటులో ఆనిస్తే లోపల అటు దాటే దారి ఉండదు, బయటికొచ్చి మళ్లీ 3 డాలర్లు. మెట్ల మీద బోర్డు చదివాకే దిగండి.

ఓక్‌ట్రీ_రోడ్డు: సబ్‌వే పాఠం బాగుంది. నేనడిగిన 600 సంగతి మాత్రం వదిలేశారు.

ఏడో_నంబరు_రైలు: వదల్లేదు. రోజుకి 3 గంటల చొప్పున 5 రోజులకి 15 గంటలు రైళ్లలోనూ ప్లాట్‌ఫారాల మీదా పోతాయి. క్వీన్స్ నుంచైతే 5 గంటలు చాలు. మిగిలిన 10 గంటలంటే న్యూయార్క్‌లో ఒక రోజు పైమాటే. రాత్రి పెన్ స్టేషన్‌లో న్యూజెర్సీ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో బయల్దేరే ముందు కొద్ది నిమిషాలకి గానీ బోర్డు మీద వెయ్యరు. అందరూ తలెత్తుకుని చూస్తుంటారు, నంబరు పడగానే ఒక్క మెట్ల మీదికే తోసుకుంటారు. నిద్ర ముంచుకొస్తున్న పిల్లాణ్ణి పట్టుకుని అందులో నిలబడితే తెలుస్తుంది.

గోదారి_గట్టు: బావగారు కార్లో దింపుతారు కదా, రైలు గొడవెందుకు?

మాన్‌హాటన్_నడక: న్యూజెర్సీ నుంచి మాన్‌హాటన్‌లోకి వచ్చే లింకన్ టన్నెల్ టోలు, ఈజీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) ఉన్నా రద్దీ వేళ 16 డాలర్లు పైనే. మాన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువన అడుగుపెడితే 2025 జనవరి నుంచి రద్దీ రుసుమని ఇంకో 9, టన్నెల్లోంచి వస్తే అందులో 3 తగ్గిస్తారు. ఆపైన పార్కింగు. ఇవన్నీ బావగారి జేబులోంచి పోతాయి.

ఏడో_నంబరు_రైలు: అదీ నేననేది. మీ 600 మిగులు ఎక్కణ్నుంచి వస్తోంది? పొద్దున్న స్టేషన్‌కి దింపేది బావగారు, రాత్రి పదికి ఎదురొచ్చేది బావగారు. వండిపెట్టేది అక్కగారు, మర్నాడు ఆఫీసుకి పోయేది కూడా ఆవిడే. ఇది చవక కాదు, ఖర్చు వాళ్ల మీదికి మార్చడం. ఏటా మే నుంచి ఆగస్టు దాకా ఎడిసన్ ఇళ్లలో జరిగేది ఇదే.

ఓక్‌ట్రీ_రోడ్డు: ఆ మాట ఎడిసన్‌లో ఉండే మా తరఫున మీరు చెప్పకండి! ఇల్లున్నది దేనికి? సొంత తమ్ముడు పెళ్లాం పిల్లలతో ఇంతదూరం వచ్చి, గంట దూరంలో హోటల్లో దిగితే వినేవాళ్లకేం చెప్పుకోవాలి? స్టేషన్‌కి దింపడం భారమని ఎవరన్నారు మీకు? పిల్లలకి పెదనాన్నతో నాలుగు రోజులు గడిచేది ఇలాంటప్పుడే. మీరు గంటలు లెక్కపెడుతున్నారు, నేను మనుషుల గురించి మాట్లాడుతున్నాను.

ఏడో_నంబరు_రైలు: మరి మొదటి జవాబులో డాలర్లెందుకు లెక్కపెట్టారు? మనుషుల కోసమైతే మనుషుల కోసమని చెప్పండి, ఒప్పుకుంటాను. చవకని చెబితే మాత్రం ఒప్పుకోను. రోజంతా నగరంలో తిరిగి రాత్రి పదికి ఇల్లు చేరేవాళ్లు పెదనాన్నతో గడిపేదెప్పుడు?

మాన్‌హాటన్_నడక: ఇద్దరూ కాస్త ఆగండి. టికెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. సహజ చరిత్ర మ్యూజియంలో న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ వాసులు ఇష్టమొచ్చినంత ఇచ్చి లోపలికెళ్లొచ్చు. ఆ సౌకర్యం బావగారికి ఉంటుంది, మీకు ఉండదు. మెట్రోపాలిటన్ మ్యూజియం పెద్దవాళ్లకి 30 డాలర్లు, 12 ఏళ్ల లోపు ఉచితం, కాబట్టి బాబుకి టికెట్ లేదు, అమ్మాయికి ఉంది. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ 1997 నుంచి అందరికీ ఉచితం, 25 నిమిషాల ప్రయాణం. వెళ్లేటప్పుడు కుడిపక్కన నిలబడితే లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. బ్యాటరీ పార్కు దగ్గర జాకెట్లు వేసుకుని ఆ ఫెర్రీకి టికెట్లంటూ అమ్మేవాళ్లుంటారు, మాట్లాడకుండా ముందుకెళ్లండి.

మన తిండి కావాలంటే ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణేశ గుడికి వెళ్లండి. కింద క్యాంటీన్‌లో దోసెలు దొరుకుతాయి. 7వ నంబరు రైలు చివరి స్టేషన్, అక్కణ్నుంచి 20 నిమిషాల నడక.

బెజవాడ_బండి: అందరికీ ధన్యవాదాలండీ. బుధ, గురు రాత్రులు లాంగ్ ఐలాండ్ సిటీలో ఉండి, శుక్రవారం సాయంత్రం ఎడిసన్ వెళ్లి మిగతా మూడు రాత్రులు బావగారింట్లో ఉంటే? శనివారం ఒక్కసారి నగరానికొచ్చి, ఆదివారం ఇంటిపట్టునే ఉంటాం.

ఓక్‌ట్రీ_రోడ్డు: రెండు రాత్రుల గది పన్నులతో 420 అవుతుంది. శుక్రవారం 7 దాటాక బండెక్కండి, బాబుకి టికెట్ అక్కర్లేదు. పెద్ద పెట్టెలు మాత్రం ముందే ఎడిసన్‌లో దించేయండి. వాటితో సబ్‌వే మెట్లెక్కలేరు.

ఏడో_నంబరు_రైలు: బుధవారం న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో దిగుతుంటే పెట్టెలు ముందే ఎడిసన్‌కి ఎలా చేరతాయండీ? ఏ ఎయిర్‌పోర్టో చెప్పండమ్మా, దాన్ని బట్టి దారి చెబుతాను.