గురువారంలోగా 12,000 కట్టమంటున్నారు, చేతిలో 900 ఉన్నాయి

కందుకూరు కుర్రాడు:
చెన్నై దగ్గర పోతేరిలో ఇంజినీరింగ్ మూడో ఏడాది. నాన్నది పొగాకు సేద్యం. నెలకు 7,000 పంపుతాడు, రూం అద్దెకీ మెస్సుకీ సరిపోతుంది. పోయిన నెల ప్రాజెక్టు రివ్యూ ముందు ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలింది. ఇంట్లో అడగలేక ఒక లోన్ యాప్‌లో 5,000 అప్పుకి పెట్టాను. ప్రాసెసింగ్ అని కోసుకుని 3,400 వేశారు. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. కట్టలేక ఇంకో యాప్‌లో 8,000 పెడితే 5,200 వచ్చాయి, పాతది తీర్చాను. ఆ 8,000 కోసం మూడో యాప్. 12,000 రాసి 7,800 ఇచ్చారు, దానికి 200 కలిపి కట్టాను. గడువు గురువారం. కట్టకపోతే కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ మెసేజీలు పెడతామంటున్నారు. నాలుగో యాప్ 18,000 ఇస్తానంటోంది. తీసుకుని దీన్ని తీర్చెయ్యనా? పొగాకు వేలం మొదలయ్యేదాకా ఇంట్లో డబ్బు ఉండదు.

గుడువాంచేరి అక్క:
వద్దు తమ్ముడూ, నాలుగోది ముట్టుకోకు. ముందు కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఇన్ని వారాల్లో నువ్వు నిజంగా వాడుకున్నది స్క్రీన్‌కి పెట్టిన 3,400 మాత్రమే. మిగతాదంతా ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పోయింది. మొదటి అప్పుకి 3,400 మీద 1,600 వడ్డీ, అంటే వారానికి నూటికి 47 రూపాయలు. మీ ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయలంటేనే నలుగురిని అడిగి గానీ తీసుకోరు కదా.

2021లో నేనూ ఇందులో పడ్డాను. ఇంట్లో చెప్పకుండా పదకొండు రోజులు దాచాను. మెస్సుకి వెళ్తే ఎవరైనా అడుగుతారేమోనని గదిలోనే బిస్కెట్లు తిని పడుకున్నాను. చివరికి వాళ్లు మా పిన్నికి ఫోన్ చేశారు. ఆ మాట నా నోటి నుంచి ముందే వెళ్లి ఉంటే వాళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదని అప్పుడు తెలిసింది. అందుకే ఈ రాత్రే నాన్నకి చెప్పు. రూంమేట్లకి కూడా, "నా పేరు మీద చెత్త మెసేజీలు రావచ్చు, తెరవొద్దు" అని చెప్పి ఉంచు.

అప్పిచ్చే యాప్‌ల మీద రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు తెచ్చింది. అప్పిచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు చెప్పాలి. అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతమో ముందే రాసి చూపాలి. యాప్ నీ కాంటాక్టులూ ఫొటోలూ చూడకూడదు. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చెయ్యకూడదు. నీ యాప్‌లో ఏ కంపెనీ పేరూ లేకపోతే రిజర్వు బ్యాంకు వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు సచేత్ పోర్టల్‌లో రాయి. బెదిరింపులకి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. యాప్ తీసెయ్యక ముందే ప్రతి స్క్రీనూ ఫొటో తీసుకో, వచ్చిన నంబర్లతో సహా.

సైదాపేట రూం:
నాన్నకి చెప్పడం దగ్గర నాకు కొంచెం వేరే అభిప్రాయం. కొన్ని ఇళ్లల్లో చెబితే చదువు మానేసి వచ్చెయ్యమంటారు. అలాంటి భయం ఉంటే ముందు మేనమామకో అక్కకో చెప్పు, కానీ ఎవరో ఒక పెద్దవాళ్లకి చెప్పు.

ఇకముందు స్క్రీన్ లాంటి ఖర్చు వస్తే ఏం చెయ్యాలన్నది అసలు విషయం. మా రూంలో ఐదుగురం నెలకు 300 చొప్పున ఒకడి ఖాతాలో వేస్తాం. రెండేళ్లుగా నడుస్తోంది. ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుని మూడు నెలల్లో వడ్డీ లేకుండా తిరిగి వేస్తారు. పోయినసారి నా పంటి వైద్యం అందులోంచే అయింది. నీకు విద్యా రుణం ఉంటే బ్యాంకులో అడుగు, చదువుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా అందులో కలిపే వీలుంటుంది. పోతేరి నుంచి రోజూ తాంబరం వైపు తిరిగేవాడివైతే లోకల్ రైలుకి విద్యార్థి సీజన్ టికెట్ ఉంది. నగరంలోకి వచ్చినప్పుడు అమ్మ ఉణవగంలో, అంటే కార్పొరేషన్ నడిపే చవక క్యాంటీన్‌లో తిను, ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5 రూపాయలు. నెలాఖరులో నేను వెళ్తాను, అందులో నామోషీ లేదు.

కందుకూరు కుర్రాడు:
అక్కా, రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. తిడతాడనుకున్నా. వడ్డీ లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. "చేతికొచ్చింది 7,800 కదా, పొగాకు కాల్చే బ్యారన్ కట్టెలకి దాచినదాంట్లోంచి అది ఇద్దాం. ఎవరికిస్తున్నామో పేరూ రసీదూ ఉంటేనే" అన్నాడు. యాప్‌లో ఏ కంపెనీ పేరూ లేదు. మీరన్నట్టే స్క్రీన్లన్నీ ఫొటోలు తీశాను. 1930కి చేశాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. పొద్దున ఆరున్నరకే మా రూంమేట్‌కి ఫోన్ వచ్చింది. వాడికి ముందే తెలుసు కాబట్టి నంబరు రాసుకుని పెట్టేశాడు. శనివారం ఇక్కడి పోలీసు స్టేషన్‌కి వెళ్తున్నాం, వాడూ వస్తానన్నాడు. అన్నా, ఆ నెలకు 300 పద్ధతి గురించి మా రూంలో అడిగాను. నలుగురం ఉన్నాం, ముగ్గురు సరేనన్నారు.