హెయిర్‌కు ఎస్ చేరుతుందా, చేరదా? ఎవరైనా తేల్చి చెప్పండి

నల్గొండ అభ్యర్థి:
మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ. మా పుస్తకంలో నామవాచకాల పాఠంలో హెయిర్ లెక్కించరాని నామవాచకం, బహువచనం లేదు అని ఉంది. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ వరుసలోనే దాన్నీ కలిపి బట్టీ పట్టాను. తీరా మాదిరి పరీక్షలో హెయిర్స్ అని కనిపించగానే తప్పుగా గుర్తిస్తే మార్కు కోశారు. ఆ వాక్యంలో తప్పే లేదట! పుస్తకాన్ని నమ్మాలా, జవాబు పత్రాన్ని నమ్మాలా? ఒక్క ముక్కలో చెప్పండి చాలు.

శ్రీకాకుళం చదువరి:
వాక్యం పెట్టండి.

తెలుగు పండితుడు (విశ్రాంత):
నాయనా, ఇంగ్లీషు జోలికి వెళ్ళే ముందు మన వ్యాకరణం ఒకసారి తిరగేయవలసింది. మనకు నిత్యైకవచనాలు, నిత్యబహువచనాలు అని ఉన్నాయి. బంగారం, నెయ్యి మొదటి రకం. పాలు, నీళ్ళు, వడ్లు, కందులు రెండో రకం. 'పాలు పొంగింది' అంటే బడి పిల్లలు కూడా నవ్వుతారు. అవే పాలు, నీళ్ళు ఇంగ్లీషులో ఏకవచన క్రియతో వస్తాయి. మన పిల్లలు 'వాటర్ ఆర్' అని రాయడానికి మూలం ఇక్కడుంది. ఈ సంగతి చెప్పేవారు లేరు, జాబితాలు వల్లె వేయించేవారే అందరూ.

నల్గొండ అభ్యర్థి:
పండితులు గారూ, నమస్కారం. పరీక్షలో పాలు, నీళ్ళు రాలేదండీ. హెయిర్ వచ్చింది.

లెక్కల మాస్టారు:
అసలు 'లెక్కించరాని' అన్న పేరే నాకు మింగుడు పడదు. మనీ కూడా ఆ జాబితాలోనే ఉంది. బ్యాంకులో క్యాషియర్ రోజంతా చేసే పని ఏమిటి మరి?

శ్రీకాకుళం చదువరి:
రూపాయలు లెక్కపెడతాడు. మూడు రూపాయలు అంటాం, మూడు మనీలు అనం.

లెక్కల మాస్టారు:
మా అమ్మమ్మ 'నాలుగు డబ్బులు' అనేది.

తెలుగు పండితుడు (విశ్రాంత):
డబ్బు అంటే పూర్వం ఒక నాణెం. అందుకే ఆమె లెక్కపెట్టగలిగింది. ఆమె మాటలో దోషం లేదు.

నిఘంటువుల పిచ్చి:
పేరు మీద తగువెందుకు? విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లీషు నిఘంటువు తెరవండి. నామవాచకం పక్కన సి అని ఉంటే లెక్కించదగినది, యు అని ఉంటే లెక్కించరానిది. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి తయారు చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. నామవాచకాలను ఇలా వేరు చేసి చూపడం అందులోనే ఉంది. 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వారు మళ్ళీ వేశారు. జపాను భాషలో నామవాచకానికి బహువచన రూపం తప్పనిసరి కాదు, కాబట్టి అక్కడి విద్యార్థులకు ఎస్ ఎక్కడ చేర్చాలో తెలియక అవస్థ. హెయిర్ దగ్గర సి, యు రెండూ ఉంటాయి, చూసుకోండి.

నల్గొండ అభ్యర్థి:
రెండూ ఉంటే ఇక నేను పెట్టవలసింది ఏది? జపాన్ సంగతి తరువాత చూద్దాం సార్.

శ్రీకాకుళం చదువరి:
వాక్యం ఇంకా రాలేదు.

నల్గొండ అభ్యర్థి:
వాక్యంతో పని ఏమిటి, హెయిర్ ఎక్కడైనా హెయిరే కదా అనుకున్నాను. ఇదిగో: 'దేర్ వర్ టూ గ్రే హెయిర్స్ ఆన్ హిస్ కోట్.'

విజయవాడ అనువాదకురాలు:
ఇది మొదటే పెట్టి ఉంటే ఇంత చర్చ లేకపోయేది తమ్ముడూ. తల మీద ఉన్నదంతా కలిపి చెబితే జుట్టు, అప్పుడు 'హిస్ హెయిర్ ఈజ్ గ్రే'. కోటు మీద రాలినవి రెండు వెంట్రుకలు, అందుకే హెయిర్స్. నీ పుస్తకం సగమే చెప్పింది. పేపర్ కూడా ఇంతే: కాగితం అనే పదార్థమైతే లెక్కించరానిది, దినపత్రికో ప్రశ్నపత్రమో అయితే పేపర్స్. గ్లాస్ అంటే గాజు ఒకటి, తాగే గ్లాసు మరొకటి. కానీ ఈ వెసులుబాటు ఫర్నిచర్‌కు, లగేజ్‌కు, అడ్వైస్‌కు, ఇన్ఫర్మేషన్‌కు లేదు. వాటిని లెక్క చెప్పాలంటే ముందు 'పీస్ ఆఫ్' పెట్టాల్సిందే. న్యూస్ చివర ఎస్ చూసి మోసపోకు, దానికి ఈజ్. పోలీస్ చివర ఎస్ లేకపోయినా ఆర్.

లెక్కల మాస్టారు:
మరి టీమ్? నిన్న క్రికెట్ వ్యాఖ్యానంలో 'టీమ్ ఆర్' అన్నారు.

విజయవాడ అనువాదకురాలు:
బ్రిటిష్ వాడుకలో రెండూ వినిపిస్తాయి. జట్టును ఒకటిగా చూస్తే ఈజ్, ఆటగాళ్ళను తలచుకుంటే ఆర్. అమెరికన్లు ఎక్కువగా ఈజ్ అంటారు.

లెక్కల మాస్టారు:
అంటే నియమం లేదన్నమాట.

నిఘంటువుల పిచ్చి:
ఉంది. మీకు నచ్చలేదంతే.

నల్గొండ అభ్యర్థి:
అక్కా, అర్థమైంది, థాంక్స్. సర్వనామాలు మొదలుపెడుతున్నాను.

లెక్కల మాస్టారు:
చేతిలో ఒకే ఒక కత్తెర ఉన్నా 'సిజర్స్ ఆర్' అనాలట. ఇది ఏ లెక్కలోకి వస్తుందో పండితులు గారు సెలవివ్వాలి.