‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కలిపా, కలపకుండానా?

కూకట్‌పల్లి_కుర్రాడు (ప్రశ్న)
టీమ్ లీడ్ మెయిల్లో ‘ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్ బై ఫ్రైడే’ అని ఉంది. శుక్రవారం ఇస్తే సరిపోతుందా, గురువారమే ఇచ్చేయాలా? జవాబుగా ‘ఐ విల్ సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే’ అని రాస్తే తప్పంటున్నారు. రెండింటికీ ‘వరకు’ అనే కదా అర్థం? పనిలో పనిగా ఈ ‘బై’ సంగతులు ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ఇంగ్లిష్_సార్
శుక్రవారం కలిపే తమ్ముడూ. తిప్పలొచ్చింది ‘వరకు’తోనే. ‘బై’కి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ‘కల్లా’: శుక్రవారానికల్లా పంపు. అంటే ఆ రోజు గడిచేలోగా పని ఒకసారి జరిగిపోవాలి, అంతే. ‘అంటిల్’ది ‘దాకా’. ‘ద షాప్ ఈజ్ ఓపెన్ అంటిల్ 9’ అంటే తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటుంది. కాబట్టి నువ్వు రాసిన వాక్యానికి శుక్రవారం దాకా రిపోర్టు పంపుతూనే ఉంటాననే అర్థం వస్తుంది!

అనుమానమొస్తే వాక్యాన్ని తెలుగులో అనుకుని చూడు. ‘కల్లా’ అతికితే బై, ‘దాకా’ అతికితే అంటిల్. ‘శుక్రవారం దాకా తెలియదు’ అనడానికి ‘ఐ వోంట్ నో అంటిల్ ఫ్రైడే’ అనాలి.

గడువు చెప్పేటప్పుడు బై తర్వాత గంటో, వారం పేరో, తేదీయో రావాలి. ‘బై టూ డేస్’ అనకూడదు. అలాగని ‘రెండ్రోజుల్లో ఇస్తా’ను ‘ఇన్ టూ డేస్’ చేస్తే ఇంగ్లిష్ వాళ్లు రెండ్రోజులయ్యాక ఇస్తాడనుకుంటారు. లోపలే ఇచ్చేట్టయితే ‘వితిన్ టూ డేస్’.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్
మెయిల్ అమెరికా నుంచి వస్తే గంట, టైమ్‌జోన్ కూడా అడిగి రాయించుకోండి. కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం 5 అంటే మనకు ఎండాకాలంలో శనివారం తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. ‘బై 5 పీఎం ఐఎస్‌టీ, ఫ్రైడే’ అని రాసేస్తే పేచీ ఉండదు.

గజాల_లెక్క
అంకెల పక్కన బై ఇంకా ప్రమాదం. జీతం 30,000 ఉన్నప్పుడు ‘ఇంక్రీజ్డ్ బై 3,000’ అంటే 33,000 అయినట్టు. అక్కడ బై తీసి ‘టు’ పెడితే జీతం మూడువేలకు వచ్చినట్టే. శాతాల్లో మరీ జాగ్రత్త. 40 శాతం కాస్తా 50 శాతమైతే ‘బై 10 పర్సెంట్’ కాదు, ‘బై 10 పర్సెంటేజ్ పాయింట్స్’. 40 మీద 10 పెరిగింది కాబట్టి అసలు పెరుగుదల 25 శాతం.

మన ఊళ్లో ఇంకో గమ్మత్తు ఉంది. ‘30 బై 40 ప్లాటు’ అన్నప్పుడు గుణించాలి: 1,200 చదరపు అడుగులు, గజానికి 9 చొప్పున 133 గజాల పైచిల్లర. ఇరానీ హోటల్లో ‘వన్ బై టూ చాయ్’ అంటే మాత్రం భాగించాలి, ఒక చాయ్ రెండు కప్పుల్లో వస్తుంది. ఇంటి నంబర్లో గీతనూ బై అనే చదువుతాం. బయటి దేశం వాళ్లకు ఫోన్లో అడ్రస్ చెప్పేటప్పుడు ‘స్లాష్’ అనండి, లేకపోతే వాళ్లకు అర్థం కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
థాంక్స్ అన్నా! మరి ‘బై మై కార్’ ఎందుకు తప్పు? ‘బై కార్’ రైటే కదా?

ఇంగ్లిష్_సార్
ఎలా వెళ్లావో చెప్పే బై తర్వాత బండి పేరు ఒంటరిగా ఉండాలి: బై బస్, బై మెట్రో. ముందు ‘మై’, ‘ఎ’, ‘ద’ చేరితే బై పోయి కారుకు ‘ఇన్’, బస్సుకు ‘ఆన్’ వస్తాయి. నడిచి వెళ్తే ‘ఆన్ ఫుట్’. డబ్బు దగ్గర ‘బై చెక్’, ‘బై కార్డ్’ సరే గానీ నోట్లయితే ‘ఇన్ క్యాష్’ అనడమే వాడుక. ‘బైహార్ట్ చేశాను’ అని క్రియలా వాడేది మనమే. వాళ్లది ‘లెర్న్ బై హార్ట్’.

చేసినవాడికి బై, చేతిలో పనిముట్టుకు విత్. ‘చార్మినార్ వాజ్ బిల్ట్ బై మహమ్మద్ కులీ కుతుబ్ షా ఇన్ 1591’. దీన్ని తెలుగులో ‘కుతుబ్ షా చేత కట్టబడింది’ అని మాత్రం రాయొద్దు బాబూ, వినలేం. ‘కట్టించింది కుతుబ్ షా’ అంటే హాయిగా ఉంటుంది.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
సొసైటీ ‘బైలా’లో ఉన్నదీ ఈ బైయేనా?

ఇంగ్లిష్_సార్
కాదు. పాత నార్స్ భాషలో (వైకింగుల భాష) ఊరికి ‘బీ’ లాంటి మాట ఉండేది, ఆ ఊరి కట్టుబాటే బైలా అయిందంటారు. ఇంగ్లండులో డెర్బీ, విట్బీ లాంటి ఊళ్ల పేర్ల చివర ఉన్నదీ అదే. బైపాస్‌లో మాత్రం మన బైయే, పక్కనుంచి పోయేదని.