తంబురకు కుదరాల్సింది జీవా, జీరా?

కోఠిరేడియో:
అందరికీ నమస్కారం. ఒక్క అక్షరం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మా తాతయ్య సాయంత్రం పూట తంబుర శ్రుతి చేసుకునేటప్పుడు తీగకీ బ్రిడ్జికీ మధ్య నూలుపోగు దూర్చి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపేవారు. ఒక చోట తీగ ఉన్నట్టుండి గుమ్మని విచ్చుకునేది. "ఆఁ, జీ... కుదిరింది" అనేవారు. ఆ "జీ" తర్వాతి అక్షరం ఎంత తలచుకున్నా రావడం లేదు. జీవ కుదిరిందా, జీర కుదిరిందా?

ఇప్పుడెందుకంటే, ఇంట్లో గిటారుకు ఫజ్ పెడల్ (గిటారు మోతను గరగరలాడించే పెట్టె) చేస్తున్నాను. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూటే: రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ. మీటగానే బాగానే గరగరమంటుంది కానీ నాదం సాగదు, చిటపటమని మధ్యలోనే పుటుక్కున తెగిపోతుంది. తమ్ముడి కోసం ఇదంతా తెలుగులో రాసి పెడుతున్నాను, ఫజ్‌కి ఒక మంచి మాట కావాలి. తాతయ్య అన్నది జీర అయితే ఆ మాట ఇంట్లోనే దొరికినట్టు.

శ్రుతిపెట్టె:
జీవ. ఇందులో సందేహమే లేదు. మా గురువుగారు జీవ అనేవారు, కొందరు జీవాళి అంటారు, హిందుస్తానీ వాళ్ళది జవారీ. నాలుగు తీగలకీ నాలుగు పోగులు, ప్రతి దానికీ విడిగా కుదరాలి. పోగు కుదిరితే తీగ బ్రిడ్జిని ఒరుసుకుంటూ ఊగుతుంది, పైస్వరాలు లేస్తాయి. లేదంటే తీగ చచ్చినట్టుంటుంది. ప్రాణం పోసేది కనుక జీవ.

గోదారిగట్టు:
ప్రాణం పోస్తుంది కనుక జీవ అనడం తర్వాత అతికించుకున్న వివరణేమో అని నా అనుమానం. మా వైపు మోకాలు గోడకు రాసుకుంటే "జీరుకుపోయింది" అంటాం, అరిచి అరిచి గొంతు పాడైతే "జీరపోయింది" అంటాం. ఒరుసుకోవడం, ఆ ఒరుపు వల్ల పుట్టే చప్పుడు, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. తంబురలో జరిగేది అచ్చంగా అదే కదా, మీరే "ఒరుసుకుంటూ" అని రాశారు!

ఫజ్‌కి కూడా ఇంతకన్నా అతికే మాట ఉండదు. 1964లో కింక్స్ బ్యాండు గిటారిస్టు డేవ్ డేవీస్ ఆ మోత కోసం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో గీరేశాడు. అది జీరుకుపోయిన స్పీకరు, అందులోంచి వచ్చింది జీర. నా ఓటు దీనికే.

బండిఱ:
ఓటు వేసే ముందు అక్షరం తేల్చండి. మామూలు రేఫా (ర), శకటరేఫా (బండి ఱ)? గీరు అని మనం ఇప్పుడు రాసేది పాతకాలంలో గీఱు, అరవంలోనూ కీఱు అని బండి ఱ తోనే ఉంది. గోదారిగట్టు గారు జీరుకుపోవడాన్ని గీరుకుపోవడంతో కలపాలంటే జీఱ అని చూపించాలి. అది చూపించకుండా మోకాలినీ గొంతునూ ముడిపెడితే చెల్లదు. గొంతు జీర వేరే ధాతువైనా కావచ్చు.

గోదారిగట్టు:
మాట్లాడే నోటిలో ఆ తేడా పోయి శతాబ్దాలైంది. తాతయ్యగారు పలికింది చెవితో పట్టుకోవాలి, నిఘంటువుతో కాదు.

బండిఱ:
చెవితో పట్టుకుంటే "వ"కీ "ర"కీ తేడా తెలియాలి కదా, అడిగినాయనకు అదే తెలియడం లేదు.

తుమ్మెదరెక్క:
జీర అంటే జబ్బుపడ్డ గొంతే గుర్తొస్తుంది నాకు. ఆ మోతకు "రొద" అనండి. తుమ్మెదల రొద అని కావ్యాల నిండా ఉంది. పోతన తుమ్మెదను తలచుకుంటే చాలు, మందార మకరందంలో తేలే ఆ మధుపం రొద చెవిలో పడుతుంది.

బండిఱ:
పడదు, మళ్ళీ ఒకసారి చదవండి. ఆ సీసంలో తుమ్మెద తేలుతుంది, రాయంచ తూగుతుంది, కోయిల మామిడి చిగుళ్ళు తిని చొక్కుతుంది. కోయిల చేత కూడా కూయించలేదు పోతన! ప్రహ్లాదుడి మనసు విష్ణుపాదాల దగ్గర మునిగిపోయిందని చెప్పాలి కనుక పద్యమంతా మౌనంగా నడిపాడు. నేను యాభైసార్లు చదివాక గానీ అది గమనించలేదు, గమనించిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

తుమ్మెదరెక్క:
నిజమే. కానీ మందార మకరంద మాధుర్య, ఆ మకారాలు నకారాలు వింటే తుమ్మెద అక్కడే ఉంది. పక్షులు మాట్లాడకపోయినా అక్షరాలు మూలుగుతున్నాయి. రొద మాటలో లేదు, పద్యంలో ఉంది.

సోల్డరుపొగ:
ఆయన పెడల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అన్నా, రెండో ట్రాన్సిస్టరు కలెక్టరు కాలి దగ్గర మీటరు పెట్టి చూడు. నాలుగున్నర వోల్టుల దగ్గర ఉండాలి. పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లయితే పాజిటివ్ గ్రౌండు కాబట్టి మైనస్ చూపిస్తుంది, కంగారు పడకు. ఏడో ఎనిమిదో వోల్టులు ఉంటే అలల్లో ఒక పక్క ముందే నరికేస్తుంది, అందుకే నాదం సన్నబడగానే తెగుతోంది. అక్కడున్న 8.2 కిలో ఓముల రెసిస్టరు తీసేసి 20 కిలో ఓముల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరు) పెట్టి మెల్లగా తిప్పు. జర్మేనియం ఎండకు లీకవుతుంది, పొద్దున కుదిరింది మధ్యాహ్నానికి జరిగిపోతుంది. మేడమీద గదిలో చేస్తుంటే సాయంత్రం చల్లబడ్డాక సెట్ చెయ్యి.

ఇంకోటి. మీ తాతగారు పోగు జరపడం, నువ్వు ప్రీసెట్ తిప్పడం ఒకే పని. ఆయన అన్నది జీవ అయితే అది ఫజ్‌కి మాట కాదు, ట్రాన్సిస్టరును నిలబెట్టే వోల్టేజీకి, అంటే బయాస్‌కి. మోతను జీర అను, మోత నిలబడే చోటును జీవ అను. రెండూ కావాలి.

శ్రుతిపెట్టె:
ఇది బాగుంది. ముప్పై ఏళ్ళుగా తంబుర పట్టుకుంటున్నాను, ఈ రెంటినీ ఇలా విడదీయాలని తోచలేదు. అయినా తాతగారు అన్నది జీవే.

గోదారిగట్టు:
జీరే.

కోఠిరేడియో:
మీటరులో 7 ఉంది. ప్రీసెట్ పెట్టి 4.5కి తెచ్చాను. ఇప్పుడు మీటి వదిలేస్తే నాదం తేనెలా సాగి సాగి సన్నగా ఆరిపోతోంది, ఒక్క చిటపట లేదు. రాత్రి పదింటికి ఒక్కణ్ణే కూచుని అదే స్వరం మీటుతూ ఉండిపోయాను. తమ్ముడి నోట్సులో బయాస్ పక్కన జీవ అని రాశాను.

తర్వాత అమ్మకు ఫోన్ చేసి అడిగాను. తాతయ్య తంబుర గవిసెనలో ఆ పోగులు ఇంకా ఉన్నాయట. వాటిని ఏమనేవారంటే, ఏమాత్రం తడుముకోకుండా "జీవు" అంది.

బండిఱ:
ఉకారాంతమా! అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరండీ?