ఫైనల్ టేబుల్లో దూకుడు ఎవరి మీద చూపాలి?

కళావరు రాజు అడిగారు:

మాది హైదరాబాద్. వచ్చే నెల గోవాలో, మాండవి నది మీది కాసినో ఓడలో జరిగే హోల్డెమ్ పోకర్ టోర్నమెంటుకు స్నేహితుడితో కలిసి వెళ్తున్నాను. తొలి గంటల్లో ఏ ముక్కలు ఆడాలో, ఏవి పారేయాలో నాకు తెలుసు. తేలనిదల్లా చివరి దశే. ‘దూకుడుగా ఆడకపోతే బ్లైండ్లే నిన్ను తినేస్తాయి’ అంటాడు స్నేహితుడు (వంతులవారీగా ఇద్దరు తప్పనిసరిగా కట్టే చిన్న, పెద్ద పందేలే స్మాల్, బిగ్ బ్లైండ్లు). ‘ఒక్కొక్కరు బయటికి పోతున్నకొద్దీ ప్రైజు పెరుగుతుంది, ఓపిక పట్టు’ అంటాడు మా అన్నయ్య. ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది. ప్రైజుల దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర పన్నెండు, పదిహేను బిగ్ బ్లైండ్లు మిగిలితే ఎలా ఆడాలి?

నది ఒడ్డు:

ఆసు వచ్చిందా, ఆల్-ఇన్, ఉన్న చిప్సన్నీ ముందుకే. ముందు ఎవరైనా ఆల్-ఇన్ వేసినా వెనకాడకండి, కాల్ చేయండి, అంటే అంత పందెమూ కట్టండి. ధైర్యం ఉన్నవాడిదే టోర్నమెంట్.

ఆరుల జత:

ఈ సలహాతో నేను ఏమాత్రం ఏకీభవించను. మనం ఆల్-ఇన్ వేయడం వేరు, ఎదుటివారి ఆల్-ఇన్‌కు కాల్ చేయడం వేరు. రెంటినీ ఒకే ధైర్యం కింద జమకట్టబట్టే ఎంతోమంది మంచి ఆటగాళ్లు ప్రైజు చేతికందే వేళకు లేచి వెళ్లిపోతున్నారు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. దయచేసి ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి.

నలుగురు మిగిలారు. ప్రైజులు ముగ్గురికే: 10,000, 6,000, 4,000 రూపాయలు. అందరి స్టాకూ (చేతిలో ఉన్న చిప్స్) సమానం కాబట్టి ఒక్కొక్కరి స్టాకు విలువ 5,000. ఒకరు ఆల్-ఇన్ వేశారు, మీరు కాల్ చేసి గెలిచారు. చిప్స్ రెట్టింపయ్యాయి. విలువ మాత్రం 10,000 కాలేదు. ఐసీఎం (చిప్స్ విలువను ప్రైజు డబ్బులోకి మార్చే లెక్క) ప్రకారం దాదాపు 7,667 దగ్గరే ఆగింది. మిగతా 2,333 ఎటు పోయింది? ముక్కలు పారేసి చూస్తూ కూర్చున్న ఆ ఇద్దరికీ చెరిసగం. మీ అన్నయ్యగారి మాటలో ఉన్న నిజం ఇదే.

ఓడితే మీకు దక్కేది సున్నా. అంటే ఆ కాల్ గిట్టుబాటు కావాలంటే గెలిచే అవకాశం 65 శాతం దాటాలి. ఎదుటివారు ముక్కలు చూడకుండానే ఆల్-ఇన్ వేశారనుకున్నా, ఆరుల జతకు ఉన్న అవకాశం 63 శాతమే. పారేయాల్సిందే. అదే జతతో ముందుగా మీరే ఆల్-ఇన్ వేస్తే ఆ 65 శాతం లెక్క వాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు పారేస్తే పాట్ (మధ్యలో పోగైన పందెం) మీది, కాల్ చేసినా గెలిచే అవకాశం ఇంకా ఉంటుంది.

ఇక మీ స్నేహితుడి మాట. బిగ్ బ్లైండులో ఉన్నవారే అందరి తరఫునా యాంటీ (బ్లైండ్లకు అదనపు పందెం) కట్టే టోర్నమెంటులో ఒక్క చుట్టు తిరిగేసరికి రెండున్నర బిగ్ బ్లైండ్లు ఖర్చవుతాయి. పన్నెండు ఉన్నవారు రెండు చుట్లు ఊరికే కూర్చుంటే ఏడుకు దిగుతారు. అప్పుడు ఆల్-ఇన్ వేసినా పెద్ద స్టాకు వాళ్లు జంకకుండా కాల్ చేస్తారు. అదే చుట్టుకు ఒక్కసారి బ్లైండ్లు, యాంటీ కొట్టేస్తే ఉన్నచోటనే నిలబడతారు. బటన్ (డీలర్ సీటు) నుంచో, దాని ముందు సీటు నుంచో, స్మాల్ బ్లైండు నుంచో, మీకు ముందు ఎవరూ పాట్‌లోకి రానప్పుడు వేయండి. పన్నెండు, పదిహేనుతో చిన్న రైజులు చేసి (పందెం కొద్దిగా పెంచి) తర్వాత వెనక్కి తగ్గితే నష్టమే ఎక్కువ. చాలావరకు ఆల్-ఇన్ లేదా ఫోల్డ్ (పారేయడం).

ఎవరి మీద అన్నది అన్నిటికన్నా ముఖ్యం. బాగా చిన్న స్టాకు ఉన్నవారికి పోయేది తక్కువ, ఏదో ఒకదానితో కాల్ చేసేస్తారు. మిమ్మల్ని మించిన పెద్ద స్టాకు వారు ఓడినా టేబుల్ మీదే ఉంటారు. మధ్యస్థంగా ఉన్నవారిని గమనించండి. మీరు చిప్స్ ముందుకు తోయగానే వాళ్ల చూపు మొదట చిన్న స్టాకు ఉన్న సీటు వైపు పోతుంది, తర్వాత ఎంతమంది మిగిలారో చూపే తెర మీదికి పోతుంది. ఆ తర్వాతే ముక్కల అంచు ఎత్తి చూస్తారు. వాళ్ల బిగ్ బ్లైండే మీ గురి.

బబుల్ పగలగానే, అంటే ప్రైజు దక్కని చివరి వ్యక్తి బయటికి పోగానే, కాసేపు తగ్గండి. అంతదాకా బిగుసుకుని ఉన్న చిన్న స్టాకుల వాళ్లందరూ ఒక్కసారిగా ఆల్-ఇన్‌లు వేస్తారు, కాల్‌లూ చేస్తారు.

కళావరు రాజు:

ఆ 2,333 లెక్క చూశాక చాలా స్పష్టమైంది, ధన్యవాదాలండి. చివరికి ఇద్దరే మిగిలితే కూడా ఇంతేనా? ఇంకో మాట, సాధన ఎక్కడ చేయాలి? తెలంగాణలో పందెం పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం 2017 నుంచే నిషేధం, 2025 కేంద్ర చట్టంతో దేశమంతటా ఆగింది.

బటన్ సీటు:

ఇద్దరే మిగిలాక ఐసీఎం భయం ఉండదు. రెండో ప్రైజు ఇద్దరికీ ఖాయం, పోరు తేడా కోసమే. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చివర్లో మొదటి ప్రైజు 25 లక్షల డాలర్లు, రెండోది 13 లక్షలు. క్రిస్ మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. బోర్డు (అందరికీ ఉమ్మడిగా వేసే ముక్కలు) మీద నాలుగో ముక్క, అంటే టర్న్, పడేసరికి ఫ్లష్‌కూ (ఒకే జాతి ఐదు ముక్కలు) స్ట్రెయిట్‌కూ (వరుసగా ఐదు ముక్కలు) ఒక్కొక్క ముక్కే తక్కువ. ఐదోది, ఆఖరుదైన రివర్‌లో ఏదీ రాలేదు. అయినా ఆల్-ఇన్ వేశాడు. తొమ్మిదుల జత ఉన్న శామీ ఫర్హా చాలాసేపు ఆలోచించి పారేశాడు. అంతకు ముందు టర్న్‌లో కూడా రైజ్ చేయబట్టే ఆ ఆల్-ఇన్ నమ్మేలా ఉంది. అక్కడ దూకుడు ఒక్క రివర్‌లో పుట్టింది కాదు.

ఆరుల జత:

సాధన ఇంట్లోనే చేయండి, డబ్బు అక్కర్లేదు. నలుగురు కూర్చుని 40, 20, 12, 5 బిగ్ బ్లైండ్లుగా చిప్స్ పంచుకుని, ముగ్గురికే ప్రైజు అనుకుని అక్కడి నుంచే ఆట మొదలుపెట్టండి. ఒకరు బయటికి వెళ్లగానే ఆపేసి, సీట్లు మార్చుకుని మళ్లీ పంచండి. 20 ఉన్న సీటులో ఎక్కువసేపు ఆడండి. 5 ఉన్నవారు ఇంకా టేబుల్ మీదే ఉండగా 40 ఉన్నవారు ఆల్-ఇన్ వేస్తే ఎంత మంచి ముక్కలు పారేయాల్సి వస్తుందో ఆ సీటులోనే తెలుస్తుంది.